పచ్చ తెర అవతల

మేడమ్ చెయ్యి చాపేటప్పుడు పక్కకి చూడదు.

కళ్ళు కోసిన చోటే ఉంటాయి. కుడిచెయ్యి మాత్రం పక్కకి వస్తుంది. అరచెయ్యి పైకి ఉంటుంది, వేళ్ళు కాస్త విచ్చుకుని ఉంటాయి. అందులో పడాల్సింది పడాలి. మెత్తగా పెడితే మేడమ్‌కి నచ్చదు, గ్లవ్ మీద టప్పున తగలాలి. ఏళ్ళ తరబడి ఆ చేతిని చదువుతున్న థియేటర్ సిస్టరుకి మాటలు అక్కర్లేదు. చూపుడువేలు కదిలితే రక్తం అద్దే గుడ్డ. బొటనవేలు లోపలికి వంగితే దారం.

బిడ్డ అప్పటికే బయటికొచ్చి, ఏడ్చి, ఆయమ్మ చేతుల్లో ఒళ్ళు తుడిపించుకుంటోంది. గర్భసంచికి కుట్లు పడిపోయాయి. టేబుల్ మీద ఉన్నది బేకరీలో పనిచేసే అమ్మాయి. నడుముకిచ్చిన మత్తు వల్ల రొమ్ముల కింది నుంచి మొద్దుబారిపోయింది గానీ మనిషి మెలకువగానే ఉంది. ఆమె గడ్డం దగ్గర అడ్డంగా పచ్చ తెర కట్టారు. తెర అవతల, ఆమె తల దగ్గర మత్తు డాక్టరు స్టూలు మీద కూర్చుని తన బావమరిది కొన్న కారు గురించి చెబుతున్నాడు.

"ఎర్ర రంగు కొనకురా అన్నాను. వింటేగా. ఇప్పుడు ఫైరింజన్ అనుకుని జనం పక్కకి తప్పుకుంటున్నారట. వాడికదే సంతోషం."

మేడమ్ మాస్కు కింద నవ్వింది. నవ్వుతూనే గొంతు తగ్గించి, "ట్యూబులు కూడా కట్టేద్దాం. వాళ్ళాయన చెప్పి వెళ్ళాడు," అంది. ఆ మాట సిస్టరు ఒక్కదానికే వినబడింది. చెయ్యి పక్కకి వచ్చింది.

సిస్టరు మెత్తని మూతి ఉన్న క్లాంపు అందులో పెట్టింది. క్లాంపు సన్నటి గొట్టాన్ని పట్టుకుని ఉచ్చులా పైకెత్తింది. బొటనవేలు వంగింది. దారం. ముడి, దాని మీద ఇంకో ముడి. కత్తెర. తర్వాత రెండో వైపు. బావమరిది కారు కథ ఇంకా షోరూమ్ దాటకముందే పని అయిపోయింది.

"గుడ్డలు లెక్క?"

"సరిపోయింది మేడమ్."

తెర అవతల అమ్మాయి ఏదో గొణిగింది. మత్తు డాక్టరు వంగి విన్నాడు. "పాప ఎవరి పోలికో చెప్పమంటోంది."

"ఇంకా ఎవరి పోలికా రాలేదమ్మా. అందరూ మొదట్లో బట్టతల తాతల్లాగే ఉంటారు," అంది మేడమ్.

అందరూ నవ్వారు. సిస్టరు కూడా నవ్వింది.

*

చిన్న ఆసుపత్రి. కేసులు లేని పొద్దుటి పూట థియేటర్ సిస్టరే వార్డుకి వెళ్ళి కట్లు చూడాలి. బేకరీ అమ్మాయి మంచం కిటికీ పక్కన ఉంది. అత్త పాపని ఒళ్ళో పెట్టుకుని, కాళ్ళు ఊపుతూ, ఎదుటి మంచం వాళ్ళకి తన మోకాళ్ళ నొప్పుల చరిత్ర చెబుతోంది.

సిస్టరు పాత ప్లాస్టరు నెమ్మదిగా ఊడదీసింది.

"సిస్టర్, ఈ కోత మానడానికి ఎన్నాళ్ళు పడుతుంది? మా ఓనరు అప్పుడే ఫోన్ చేసేశాడు. నేను లేకపోతే కేకుల మీద పేర్లు రాసేవాళ్ళు లేరట. నిన్న వేరేవాళ్ళు రాస్తే క్రీము కారిపోయి పెళ్ళికొడుకు పేరు కాస్తా ఆడపిల్ల పేరైందట."

"ముందు నువ్వు లేచి నడువు. తర్వాత పేర్లు రాద్దువుగాని."

"ఇంకోటి." అమ్మాయి అత్త వైపు చూసి గొంతు తగ్గించింది. "మూడోదానికి ఎంత గ్యాపు ఇవ్వాలి? అదైనా మామూలు కాన్పు అవుతుందంటారా? మా అమ్మకి మేం అయిదుగురం. ఇల్లు సంతలా ఉండేది. నాకలా ఉంటేనే ఇష్టం."

సిస్టరు చేతిలో కొత్త ప్లాస్టరు మడతపడి తనకి తనే అంటుకుపోయింది. విడదీయబోతే గ్లవ్‌కి అంటుకుంది. దాన్ని ఉండచుట్టి ట్రేలో పడేసి ఇంకోటి కత్తిరించింది.

"మేడమ్‌ని కనుక్కుని చెప్తాను," అంది.

మేడమ్ గదిలో ఒంటరిగా టీ తాగుతోంది. సిస్టరు తలుపు దగ్గరే నిలబడి విషయం చెప్పింది.

"తెలీదా?" మేడమ్ కప్పు దించింది. "వాళ్ళాయన ఇంట్లో మాట్లాడుకున్నామన్నాడే."

"వాళ్ళమ్మతో మాట్లాడుకున్నట్టున్నాడు."

"చూడు సిస్టర్. రెండో కోత. గర్భసంచి గోడ ఎంత పల్చబడిందో నువ్వూ చూశావు. మూడోది అంటే ఆ అమ్మాయికే ప్రమాదం. మనం చేసింది మంచి పనే."

"మంచి పనే అయితే ఆమెకే చెప్పొచ్చు కదా మేడమ్."

"చెప్తే ఒప్పుకోకపోతే?"

మేడమ్ తనన్న మాట తనకే వినబడినట్టు కప్పు అందుకుని ఇంకో గుక్క తాగింది.

"వాళ్ళాయనే మెల్లగా చెప్పుకుంటాడు. బాలింత. ఇప్పుడే చెప్పి ఏడిపించకు. వెళ్ళి సాయంత్రం కేసుకి ట్రేలు సర్దు."

ఆ రాత్రి సిస్టరు ఇంటికొచ్చేసరికి భర్త గుమ్మంలో కూర్చుని బూట్లు తుడుచుకుంటున్నాడు. ఆయన సిటీ బస్సు డ్రైవరు.

"ఏమండీ, మీకు చెప్పకుండా నేను మీ బస్సు అమ్మేస్తే ఏం చేస్తారు?"

"బస్సు నాది కాదుగా, కంపెనీది. వాళ్ళు నిన్ను పట్టుకుపోతారు. నేను రోజూ నీకు క్యారేజీ తెస్తాను."

ఆమె నవ్వలేదు. ఆయన బ్రష్ పక్కన పెట్టాడు. ఆమె చెప్పిందంతా విన్నాడు.

"ఆ దారం నువ్వివ్వకపోతే ఇంకొకరిస్తారు," అన్నాడు చివరికి.

"ఇవ్వనీండి. వాళ్ళ చెయ్యి వాళ్ళిష్టం."

"నిన్ను తీసి వార్డులో వేస్తారు. నీకు థియేటరంటే ప్రాణం. సెలవు పెట్టమంటే పుట్టింటికి పొమ్మన్నంత కోపం నీకు."

"వేస్తే వార్డులో బెడ్‌ప్యాన్లు మోస్తాను."

"నువ్వా? ఇంట్లో నీళ్ళ బకెట్టు నాచేత మోయిస్తావు." ఆయన రెండో బూటు అందుకున్నాడు. తల ఎత్తకుండానే అన్నాడు, "చెప్పాలనుకుంటే వాళ్ళు ఇంటికెళ్ళిపోకముందే చెప్పు. వెళ్ళాక ఆ అమ్మాయికి తోడు ఎవరుంటారు?"

*

మర్నాడు అత్త టీకి కిందికి వెళ్ళగానే సిస్టరు స్టూలు లాక్కుని మంచం పక్కన కూర్చుంది. నర్సు కూర్చుందంటే ఏదో ఉందని ఎవరికైనా తెలుస్తుంది. బేకరీ అమ్మాయి పాపని గుండెకి దగ్గరగా జరుపుకుంది.

"పాపకేమైనా అయిందా?"

"పాప బంగారంలా ఉంది. నీ గురించి." సిస్టరు ఆగకుండా చెప్పేసింది. ఆగితే చెప్పలేనని తెలుసు. "ఆ రోజు ఆపరేషనులోనే నీకు ట్యూబులు కట్టేశారు. మీ ఆయన కట్టమని చెప్పి వెళ్ళాడు. నీకు మళ్ళీ పిల్లలు పుట్టరు."

అమ్మాయి ఏడవలేదు. కనుబొమలు దగ్గరికొచ్చాయి, కష్టమైన లెక్క చేస్తున్నట్టు.

"నేను మెలకువగానే ఉన్నాను కదా."

"ఉన్నావు."

"ఎవరిదో ఎర్ర కారు గురించి మాట్లాడుకుంటున్నారు."

"అవును."

"అప్పుడా?"

"అప్పుడే."

పాప కాలు ఆడించింది. అమ్మాయి ఆ పాదాన్ని పట్టుకుని, వేళ్ళు ఒక్కొక్కటే నిమిరింది.

"ఎవరు కట్టారు?"

"మేడమ్ కట్టారు. దారం నేనందించాను."

అమ్మాయి మొదటిసారి సిస్టరు ముఖం మీంచి చూపు దించి, ఆమె చేతుల వైపు చూసింది. సిస్టరు చేతులు దాచుకోలేదు.

"చలేస్తోందా అని అడిగారు. దాహమేస్తోందా అని అడిగారు. పాపకి ఏం పేరు పెడతావని కూడా అడిగారు. ఇదొక్కటే అడగలేదు." పాప పాదాన్ని గుడ్డలో కప్పి, "విప్పొచ్చా?" అంది.

"మళ్ళీ కలిపే ఆపరేషను ఉంది. పెద్దది. అయినా నిలుస్తుందన్న నమ్మకం లేదు. నీకు లేనిపోని ఆశ పెట్టలేను."

"నేను అడగనిది చేశారు. అడిగింది చెయ్యలేమంటున్నారు." ఆ మాట చాలా మామూలుగా అంది. తర్వాత పక్కకి తిరిగి, పాపకి పాలు పట్టింది. వార్డులో ఉన్నన్నాళ్ళూ మళ్ళీ ఎవరితోనూ ఏమీ అనలేదు. భర్త పళ్ళు తెస్తే తింది. అత్త తల దువ్వుతానంటే దువ్వించుకుంది. ఆ ప్రశాంతత చూసి, తను చెప్పింది ఆ పిల్లకి అర్థమైందో లేదోనని సిస్టరుకి అనుమానం వచ్చింది.

ఇంటికి పంపే రోజు వచ్చింది. మేడమ్ గది ముందు హాలులో బెంచీలు కిక్కిరిసి ఉన్నాయి. పొట్టలతో ఆడవాళ్ళు, సంచులతో మొగుళ్ళు. ఫ్యాన్లు తిరుగుతున్నాయన్న మాటే గానీ గాలి లేదు. బేకరీ అమ్మాయి నెమ్మదిగా, కోత మీద చెయ్యి ఆనించుకుని నడుస్తూ, సరిగ్గా హాలు మధ్యలో ఆగింది. పాపని భర్త చేతుల్లో పెట్టింది.

"పట్టుకో."

అతను సంచి కింద పడేసి పాపని పట్టుకున్నాడు. చేతులు రెండూ నిండిపోయాక ఆమె అతని వైపు కాదు, బెంచీల వైపు తిరిగింది.

"అక్కల్లారా, ఒక్క మాట. నేను పాపని కనడానికొచ్చాను. మా ఆయన నాకు తెలీకుండా డాక్టరుతో చెప్పి పిల్లలు పుట్టకుండా కట్టించేశాడు. నేను మెలకువగా ఉండగానే. మీరు లోపలికెళ్ళేముందు మీ మొగుళ్ళేం చెప్పొచ్చారో కనుక్కోండి."

తన పేరు ఎప్పుడు పిలుస్తారా అని అంతవరకూ గొణుగుతున్న ఒకామె తలెత్తి చూసింది.

"ఇంటికెళ్ళి మాట్లాడుకుందాం," అన్నాడు భర్త పళ్ళ మధ్య నుంచి.

"నువ్వు ఇక్కడే మాట్లాడావుగా. నేనూ ఇక్కడే మాట్లాడతాను."

అత్త చెయ్యి పట్టుకుంది. "నీ మంచికేనే. రెండు కోతలు తిన్నావు. నువ్వు బతికుండాలని."

"నా మంచి నాకు కనబడకుండా ఎక్కడ దాచావత్తా? చూపిస్తే నేనే తీసుకునేదాన్నేమో." చెయ్యి విడిపించుకుంది. "నేను మా అమ్మ దగ్గరికి పోతున్నాను. పాపకి పాలు నా దగ్గరే ఉన్నాయి కాబట్టి పాపనిటివ్వు. సంచి నువ్వే ఉంచుకో."

మేడమ్ గది తలుపు తెరుచుకుని ఉంది. మేడమ్ అంతా వింది. బెంచీల మీద ఆడవాళ్ళు ఒకరొకరుగా తమ పక్కనున్న మగాళ్ళ వైపు తిరగడం కూడా చూసింది.

మధ్యాహ్నం సిస్టరుని పిలిపించింది. "ఎవరు చెప్పారు ఆ అమ్మాయికి?"

"నేనే మేడమ్."

ఆ జవాబు అంత తొందరగా వస్తుందని మేడమ్ అనుకోలేదు. సిద్ధం చేసుకున్న మాటలు వెతుక్కోవలసి వచ్చింది. "రెండో సిస్టరు పెళ్ళి సెలవు మీద ఉంది కాబట్టి బతికిపోయావు. ఆమె రాగానే నువ్వు వార్డుకి."

"అలాగే మేడమ్. అప్పటిదాకా మాత్రం ఆ మనిషిని అడక్కుండా కట్టే ట్యూబుకి దారం నా చేతి నుంచి రాదు."

"బెదిరిస్తున్నావా?"

"ముందే చెబుతున్నాను మేడమ్. చెయ్యి చాపాక తెలిస్తే మీకు ఇబ్బంది."

*

తర్వాతి కేసు లాండ్రీ ఆమెది. మూడో కాన్పు, మూడో కోత. మార్కెట్ వీధి మలుపులో భార్యాభర్తలిద్దరికీ లాండ్రీ కొట్టు ఉంది. ఆమె ముంజేతుల మీద ఇస్త్రీ పెట్టె కాలిన పాత మచ్చలున్నాయి. థియేటర్ పక్కనున్న చిన్న గదిలో సిస్టరు ఆమెకి సెలైన్ సూది గుచ్చి, ఆసుపత్రి గౌను తొడిగింది. ఆమె గౌను అంచు వేళ్ళ మధ్య నలిపి చూసింది.

"ఇది ఎవరు ఉతుకుతున్నారక్కా? సోడా బాగా పోశారు. ఇంకో నాలుగు ఉతుకులకి పోగులొచ్చేస్తాయి."

"నీకు కాన్పా, గౌనుకా? చెయ్యి కదపకు."

లాండ్రీ ఆమె నవ్వింది. నవ్వుతూనే సిస్టరు మణికట్టు పట్టుకుంది. రోజంతా ఇస్త్రీ పెట్టె తిప్పే చెయ్యి. పట్టు గట్టిగా ఉంది.

"మొన్న ఆ పిల్ల హాల్లో మాట్లాడినప్పుడు నేను బెంచీ మీదే ఉన్నాను. నాదీ కనుక్కో అక్కా. మా ఆయన లోపలేం చెప్పొచ్చాడు?"

సిస్టరుకి తెలుసు. మేడమ్ పొద్దున్నే చెప్పింది, ఈ కేసుకి ట్యూబు క్లాంపు తెరవక్కర్లేదని. అందుకే గుండెల మీది బరువు దింపేసుకున్నట్టు, హాయిగా చెప్పింది.

"ఏం కంగారు పడకు. మీ ఆయన ఆపరేషను వద్దనే చెప్పాడు. నీకేమీ కట్టరు."

మణికట్టు మీది పట్టు వదల్లేదు. నవ్వు మాత్రం పోయింది.

"వద్దన్నాడా?"

"వద్దనే."

"ఈ మూడోదానికి నేను ఒప్పుకున్నదే ఆ మాట మీద. ఇదొక్కటి కను, ఇదవగానే కట్టించేస్తానని తలమీద చెయ్యి పెట్టి చెప్పాడు. రాత్రి కూడా అడిగాను. డాక్టరుకి అంతా చెప్పేశాను, నిశ్చింతగా ఉండు అన్నాడు." ఆమె కప్పు వైపు చూసింది. "అంతా అంటే ఇదన్నమాట."

సెలైన్ చుక్కలు సరిచేస్తున్న సిస్టరు వేలు ఆగిపోయింది.

బేకరీ అమ్మాయి మూడో బిడ్డ గురించి ఆశపడుతూ ఇంటికెళ్ళేది. ఈమె ఇక బిడ్డలు లేరన్న ధైర్యంతో ఇంటికెళ్ళేది. ఇద్దరి కడుపుల్లో ఏముందో ఇద్దరికీ తెలియదు. బయట నిలబడ్డవాళ్ళకి తెలుసు.

"నాకెప్పుడు తెలిసేదక్కా?"

"మళ్ళీ నెల తప్పినప్పుడు."

"అప్పుడేమనేవాడు?"

"ఆపరేషను ఫెయిలయిందనేవాడు. మేడమ్‌ని నాలుగు తిట్టేవాడు కూడా."

లాండ్రీ ఆమె ముక్కుతో ఒక చప్పుడు చేసింది. అది నవ్వు కాదు. "అంటాడు. తిట్టడంలో దిట్ట. నేను ఏటా ఒకరిని ఎత్తుకుని ఇంట్లో కూర్చుంటే కొట్టు ఆయనది, గిన్నెలు నావి. వరసగా రెండేళ్ళు కొట్లో నిలబడ్డానంటే గిరాకీలన్నీ నా వైపు తిరుగుతాయి. ఆ సంగతి నాకన్నా ఆయనకే బాగా తెలుసు."

"నీకేం కావాలి? నీ నోటితో చెప్పు."

"కట్టెయ్యమను. గట్టిగా."

"బాగా ఆలోచించుకున్నావా? ఇది విప్పే ముడి కాదు."

"ఎనిమిది నెలలుగా అదే ఆలోచన. కాగితమేదైనా ఉంటే ఇటివ్వు, సూది లేని చేత్తో సంతకం పెడతాను."

*

మేడమ్ కుళాయి దగ్గర మోచేతుల దాకా నురగతో రుద్దుకుంటోంది. సిస్టరు పక్క కుళాయి తిప్పి, తనూ చేతులు తడుపుకుంటూ చెప్పింది.

"ఆమె కట్టమంటోంది మేడమ్. సంతకం పెట్టింది."

"వాళ్ళాయన వద్దన్నాడు."

"ఆమెకి కట్టిస్తానని చెప్పి తెచ్చి, మీకు వద్దని చెప్పాడు."

బ్రష్ ఒక్క క్షణం ఆగి మళ్ళీ కదిలింది. "వాళ్ళ గొడవల్లోకి నన్ను లాగకు. మొన్నటి దెబ్బకే జనం నన్ను అదోలా చూస్తున్నారు. తర్వాత ఎప్పుడైనా వచ్చి చేయించుకోమను."

"తర్వాత రానిస్తాడా? రూలు ప్రకారం ఆమె మాట ఒక్కటి చాలు."

"రూలు నాకూ తెలుసు. బయట నిలబడి ఉన్నది రూలు కాదు, అతను. వాళ్ళ అన్నదమ్ములు." మేడమ్ చేతులు పైకెత్తి నీళ్ళు మోచేతుల మీదుగా కారనిచ్చింది. "నువ్వేగా దారం ఇవ్వనన్నావు? ఇవాళ నేను నిన్ను దారం అడగను. నీ మాటే గెలిచింది. సంతోషించి లోపలికి రా."

సిస్టరు లోపలికి వెళ్ళింది. ట్రే పరిచింది. కత్తులు, కత్తెరలు, పట్టకార్లు వరసలో పెట్టింది. అక్కర్లేదన్న క్లాంపు ప్యాకెట్టు కూడా విప్పించి, అంచున పెట్టుకుంది.

కోత సాఫీగా సాగింది. పాత మచ్చ మీదే కొత్త గీత. పొరలు, నీళ్ళు, తల, ఏడుపు. మగపిల్లాడు. ఆయమ్మ తెర అవతలికి తీసుకెళ్ళి తల్లికి చూపించింది.

"ముక్కు చూడు సిస్టరమ్మా, ఇస్త్రీ చేసినట్టుంది," అంది ఆయమ్మ.

మత్తు డాక్టరు బావమరిది కారుకి సొట్ట పడిన వైనం మొదలుపెట్టాడు. మేడమ్ గర్భసంచి కుట్టేసింది. గుడ్డలు తీసి లెక్క పెట్టారు. ఇక పొట్ట మూయడమే. మేడమ్ చెయ్యి పక్కకి వచ్చింది, సూది పట్టకారు కోసం.

టప్.

వేళ్ళు మూసుకోలేదు. ఆ బరువు వేరు. మేడమ్ చూడకుండానే గుర్తుపట్టింది.

"ఇది కాదు."

"ఇదే మేడమ్."

మేడమ్ కోత మీది నుంచి కళ్ళెత్తి సిస్టరు వైపు చూసింది. ఇన్నేళ్ళలో పొట్ట తెరిచి ఉండగా అలా చూడడం అదే మొదటిసారి. అరచేతిలో మెత్తని మూతి క్లాంపు అలాగే ఉంది. మత్తు డాక్టరు కారు కథ ఆపేశాడు. మెషీను చప్పుడు ఒక్కటే మిగిలింది.

తెర అవతల నుంచి లాండ్రీ ఆమె గొంతు వచ్చింది. మందు వల్ల కాస్త బరువుగా ఉంది గానీ తొట్రుపాటు లేదు.

"చప్పుడు ఆగిందంటే నా సంగతే అనుకుంటా. మేడమ్, నేను మెలకువగానే ఉన్నాను. నన్నడగండి."

మత్తు డాక్టరు మెషీను వైపు చూశాడు.

"బీపీ బాగుంది. మాట నాకన్నా స్పష్టంగా ఉంది," అన్నాడు మత్తు డాక్టరు గొంతు సవరించుకుని. "కావాలంటే సాక్షిగా నేనూ సంతకం పెడతాను."

మేడమ్ మునివేళ్ళ మీద లేచింది. పచ్చ తెర పై అంచు మీదుగా అవతలికి చూసింది. ఆ ముఖాన్ని ఆమె ఇవాళ చూడడం అదే మొదలు. చమటకి జుట్టు నుదుటికి అంటుకుని ఉంది.

"కడితే మళ్ళీ పిల్లలు పుట్టరు. రేపు వచ్చి ఏడిస్తే నేనేం చెయ్యలేను."

"ముగ్గురు చాలు మేడమ్. నెలనెలా భయపడుతూ పడుకోవడం కూడా చాలు."

"ఇంట్లో నిన్నేమైనా అంటే?"

"అంటాడు. కట్టకపోయినా అంటాడు."

మేడమ్ పాదాలు నేల మీదికి దిగాయి. ఒక్క ఊపిరి పీల్చుకుంది. మాస్కు లోపలికి వెళ్ళి బయటికొచ్చింది.

వేళ్ళు క్లాంపు మీద మూసుకున్నాయి.

ఈసారి ఎవరూ కార్ల గురించి మాట్లాడలేదు. క్లాంపు గొట్టాన్ని పైకెత్తింది. బొటనవేలు వంగేలోపే సిస్టరు దారం అందించింది. ముడి పడింది. కత్తెర పడింది.

"ఎడమ వైపు అయిందమ్మా," అంది మేడమ్ తెర వైపు తల తిప్పకుండానే, కానీ వినబడేలా.

"ఊఁ."

"ఇప్పుడు కుడి వైపు."

"ఊఁ."

"అయిపోయింది."

మత్తు డాక్టరు తన దగ్గరున్న దూదితో లాండ్రీ ఆమె కళ్ళ చివరలు అద్దాడు.

పొట్ట మూసి, కట్టు వేశాక, మేడమ్ గ్లవ్స్ ఊడదీసి బకెట్టులో పడేసింది. "వార్డు మాట వార్డు మాటే," అంది సిస్టరుతో.

"అలాగే మేడమ్."

"వెళ్ళేముందు సెలవు నుంచి వచ్చే ఆ కొత్త పెళ్ళికూతురు సిస్టరుకి ఈ అడగడం నేర్పించి వెళ్ళు. ముందు గదిలోనే, మొగుళ్ళు రాకముందు. టేబుల్ మీద నాకు మళ్ళీ ఇలాంటి పరీక్ష పెట్టకు."

తలుపు బయట లాండ్రీ ఆమె భర్త గోడకి ఆనుకుని నిలబడి ఉన్నాడు. ఇస్త్రీ మడత చెదరని చొక్కా. మేడమ్‌ని చూడగానే ఎదురొచ్చి, అటూ ఇటూ చూసి, గొంతు బాగా తగ్గించాడు.

"మేడమ్, ఆ పని చెయ్యలేదుగా?"

మేడమ్ మాస్కు దారాలు విప్పుకుంటోంది. ఆ ప్రశ్నకి ఆమె దగ్గర ఎప్పుడూ జవాబు ఉండేది.

"ఆమె ఒంటి సంగతి నాతో ఎందుకు? ఆమెనే అడుగు," అని చేతులు కడుక్కోవడానికి వెళ్ళిపోయింది.

సిస్టరు, ఆయమ్మ కలిసి స్ట్రెచర్ బయటికి తోసుకొచ్చారు. అతను దానికి అడ్డంగా వచ్చి నిలబడ్డాడు. నోరు తెరిచాడు. అప్పుడు అర్థమైంది అతనికి. కట్టారా అని ఆమెని అడగాలంటే, కట్టొద్దని తను చెప్పిన సంగతి ఒప్పుకోవాలి. నోరు మూసుకున్నాడు. దుప్పటి వైపు చూశాడు, సెలైన్ సీసా వైపు చూశాడు, సిస్టరు వైపు చూశాడు. సిస్టరు ముఖంలో అతనికి పనికొచ్చేది ఏదీ లేదు.

"మేడమ్‌ని ఏదో అడుగుతున్నావు," అంది లాండ్రీ ఆమె కళ్ళు తెరిచి. "నన్నడుగు."

"ఏం లేదు. ఎలా ఉందని."

"బాగుంది."

"అంతా... మనం అనుకున్నట్టే అయిందా?"

"నువ్వు నాకు మాటిచ్చావుగా," అంది ఆమె. "అదే జరిగింది. ఇక దారిలోంచి లే, బండి పోవాలి."